తమ్ముడి ఉద్యోగం గురించి కొన్ని సంగతులు

మా తమ్ముడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఒక క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల పుట్టుకతోనే వచ్చే స్థితి అది, దాంతో పాటు మేధో వైకల్యం ఉంటుంది. ఇప్పుడతడికి ముప్పై దాటాయి. తెనాలిలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ, మా వీధి చివర ఉన్న కర్రీ పాయింట్‌లో మధ్యాహ్నం పూట పనిచేస్తున్నాడు. ఈ సంగతి విన్న బంధువుల్లో కొందరు "అయ్యో, ఇంట్లో కూర్చోబెట్టి ఇంత ముద్ద పెట్టలేరా, వాడిచేత కూడా పని చేయించాలా" అని అమ్మను తప్పుపడతారు. మరికొందరు వీడియో తీసి పెట్టమంటారు. జాలికీ చప్పట్లకీ మధ్య అసలు విషయం ఎవరికీ పట్టడం లేదు కాబట్టి, ఈ ఉద్యోగం ఎలా దొరికింది, ఎలా నిలబడింది, దాని వెంట జీతం, పింఛను, బ్యాంకు ఖాతా, రేపటి ఇల్లు అనే చిక్కులు ఒకదాని తర్వాత ఒకటి ఎలా వచ్చిపడ్డాయి అన్నది కాస్త వివరంగా రాయాలనిపించింది. మేధో వైకల్యం ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏం చేయాలో తోచని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వారికైనా ఇది పనికొస్తుందని ఆశ.

పద్దెనిమిదేళ్లు నిండాక తమ్ముణ్ణి స్పెషల్ స్కూల్లోనే వృత్తి శిక్షణ విభాగంలోకి మార్చారు. అలాంటి విభాగాల్లో ఏముంటుందో చూసినవారికి తెలుసు: కొవ్వొత్తులు, కాగితపు కవర్లు, ఫినాయిల్ సీసాలు, దీపావళి ముందు రంగులద్దే ప్రమిదలు. నేర్పేవారి ఓపికను నేను తక్కువ చేయడం లేదు, ఆ జీతానికి ఆ ఓపిక ఎక్కడా దొరకదు. అయితే మా ఊళ్లో కొవ్వొత్తులు పోసే ఉద్యోగమంటూ ఎవరికీ లేదు. తమ్ముడు ఏళ్ల తరబడి కొవ్వొత్తులు పోశాడు, బాగానే పోశాడు, ఏటా వచ్చే నివేదికలో మాత్రం "బయటి పనికి ఇంకా సిద్ధం కాలేదు" అనే వాక్యం మారలేదు. సిద్ధం కావడమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. సమయపాలన రావాలి, డబ్బు లెక్క రావాలి, కొత్తవారితో మాట్లాడటం రావాలి అంటూ జాబితా పెరుగుతూ పోయింది. ఆ లెక్కన చూస్తే నా మొదటి ఉద్యోగానికి నేనూ సిద్ధం కాలేదు. చేరిన తర్వాత పక్క సీటావిడ నేర్పింది.

చిక్కు ఎక్కడుందంటే, మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామందికి ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోటికి తీసుకెళ్లి వాడుకోవడమే కష్టం. శిక్షణ గదిలో బల్ల మీద చిల్లర లెక్క నేర్చినవాడు కిరాణా కొట్టు ముందు జనం తోసుకుంటూ ఉంటే అదే లెక్క చేయలేడు, ఎందుకంటే అతడికి అది అదే లెక్క కాదు. కాబట్టి ముందు గదిలో అన్నీ నేర్పి తర్వాత పనికి పంపుతామనడం, ఈ వైకల్యానికి సరిగ్గా సరిపడని పద్ధతి. తిరగేసి, ముందు పనిలో చేర్చి అక్కడే, ఆ వస్తువులతోనే, ఆ మనుషుల మధ్యనే నేర్పాలనే ఆలోచన అమెరికాలో 1970ల నుంచి బలపడింది. తీవ్ర మేధో వైకల్యం ఉన్నదని సంస్థల్లో పడేసిన వారిచేత మార్క్ గోల్డ్ అనే ఆయన సైకిల్ బ్రేకుల విడిభాగాలు బిగింపజేసి చూపించాడు. ఆ బ్రేకు మామూలువాళ్లకే తలనొప్పి. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చూపిస్తే, ఇన్నాళ్లూ లోపం నేర్చుకునేవారిలో కాక నేర్పే తీరులో ఉన్నదని తేలింది. 1986లో అక్కడి పునరావాస చట్టానికి చేసిన సవరణల్లో, పనిచేసే చోటే సహాయం అందించే ఈ పద్ధతికి ప్రభుత్వ నిధులు కేటాయించారు. మన దేశంలో దీనికి పెద్ద వ్యవస్థంటూ లేకపోయినా తెలిసిన టీచర్లు ఉన్నారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, అక్కడ శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు చాలా జిల్లాల్లో పనిచేస్తున్నారు. మాకు దొరికిన టీచరు గారు అలాంటివారే. స్కూలు ఉద్యోగం మానేసి, ఇంటికొచ్చి పాఠాలు చెప్పేవారు.

ఆవిడ చేసిన మొదటి పని తమ్ముడికి ఏమీ నేర్పకపోవడం. ఊరికే అతడి వెంట తిరిగారు. ఏది చూస్తే ఆగుతాడు, ఎక్కడ చెవులు మూసుకుంటాడు, ఏ పని చెప్పకుండానే మొదలుపెడతాడు అని గమనించారు. ఇంట్లో గిన్నెలన్నీ సైజు ప్రకారం పేర్చడం, ఉతికిన బట్టలు అంచు అంచుకు తగిలేట్టు మడవడం, ఎవరైనా మధ్యలో కదిలిస్తే మళ్లీ మొదటినుంచీ పేర్చడం మాకు చాదస్తంగా కనిపించేవి. ఆవిడ వాటినే అర్హతలుగా రాసుకున్నారు. తర్వాత వీధి మీద పడ్డారు. జెరాక్సు షాపులో ఇరుకు, పైగా అందరికీ తొందర. టిఫిన్ సెంటర్లో మరిగే నూనె పక్కనే నిలబడాలి. మందుల షాపు ఆయన మంచి మనసుతో "రోజూ వచ్చి కూర్చోమనండి, నేను చూసుకుంటా" అన్నారు. కూర్చోవడం ఉద్యోగం కాదని టీచరు గారు మర్యాదగా కాదనుకున్నారు. చివరికి కర్రీ పాయింట్ ఆంటీ దగ్గర ఆగారు. అక్కడ ఆవిడ అడిగిన తీరు నాకు నచ్చింది. "మా అబ్బాయికి పని ఇస్తారా" అని అడగలేదు. పదకొండు నుంచి రెండు దాకా మీ షాపులో ఏ పనికి చెయ్యి చాలడం లేదని అడిగారు. ప్యాకింగ్‌కు, అన్నారు ఆంటీ వెంటనే. కూర వండటం ఒక ఎత్తైతే పార్సిళ్లు కట్టడం ఇంకో ఎత్తు, కుదురుగా నిలబడే మనిషి దొరకడం లేదు, ఇద్దరు ఆడపిల్లలు మానేశారు అని వాపోయారు. దయ అడిగి ఉంటే దయ దొరికేది, ఖాళీ అడిగారు కాబట్టి ఖాళీ దొరికింది.

కర్రీ పాయింట్‌లో పార్సిల్ కట్టడం చూడటానికి చిటికెలో అయిపోయే పని. టీచరు గారు ఒక మధ్యాహ్నమంతా పక్కన నిలబడి దాన్ని కాగితం మీద విడగొట్టారు. వేలు తడి చేసుకుని కవరు నోరు విడదీయాలి, ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో కూర వేయాలి, గాలి తీయాలి, మెలి తిప్పాలి, రబ్బరు బ్యాండు చుట్టాలి, పార్సిల్ ఏ బుట్టలో వేయాలో తెలుసుకోవాలి. తమ్ముడి వేళ్లు పొట్టివి, పట్టు వదులు. డౌన్ సిండ్రోమ్‌లో కండరాల బిగువు తక్కువగా ఉండటం సహజం. పల్చటి కవరు నోరు విడదీయడం దగ్గరే అతడు ఆగిపోయాడు. గాల్లో కవరు పట్టుకుని రెండో చేత్తో గరిటె తిప్పడం అసలే కుదరలేదు. దానికి మందు దొరికింది వంటింట్లోనే. స్టీలు గ్లాసులో కవరు దోపి, అంచులు గ్లాసు మీదికి మడిచేస్తే, కవరు తనంతట తానే నోరు తెరుచుకుని నిలబడుతుంది. రెండు చేతులూ ఖాళీ అవుతాయి. కవర్ల నోళ్లు విడదీసి గ్లాసుల్లో అమర్చడం పొద్దున పనమ్మాయి కూరగాయలు తరిగాక చేసిపెడుతుంది. ఇంతకుముందు కూడా ఎవరో ఒకరు చేసుకునే పనే అది, సమయం మారిందంతే.

కొలత విషయంలో తూకం యంత్రం పెట్టారు కానీ అంకెలు మారుతూ ఉంటే తమ్ముడు అయోమయంలో పడేవాడు. అందుకని ఒక్కో కూరకు ఒక్కో గరిటె పెట్టి, పార్సిల్‌కు పప్పైతే రెండు గరిటెలు, వేపుడైతే ఒకటి అని ఖరారు చేశారు. సాంబారుకు నల్ల రబ్బరు, పప్పుకు పసుపు రబ్బరు, పచ్చళ్లకు ఎరుపు. ఈ రంగుల పద్ధతి తమ్ముడి కోసం పెట్టిందే, ఇప్పుడు షాపులో అందరూ అదే వాడుతున్నారు, ఎందుకంటే సందడిలో సాంబారు అడిగినవాళ్లకు పప్పుచారు వెళ్లడం ఆగింది. డబ్బు పని అతడికి అప్పగించలేదు. అయితే ఫోన్‌పే స్పీకరు తెలుగులో సొమ్ము వచ్చిందని పలకగానే పార్సిల్ అందించవచ్చని అతడికి తెలుసు. ఆ పెట్టె ఎవరి కోసం తయారుచేశారో గానీ, చదవలేనివారికి అంతకంటే మంచి సహాయకుడు లేడు.

మొదట్లో టీచరు గారు అతడి పక్కనే నిలబడేవారు. చేయి పట్టి చూపడం, తర్వాత వేలితో చూపడం, తర్వాత కళ్లతో సైగ చేయడం, తర్వాత ఏమీ చేయకుండా ఆగడం. కొన్నాళ్లకు గల్లాపెట్టె దగ్గరికి జరిగారు, ఆపైన ఎదురుగా అరుగు మీద కూర్చున్నారు, తర్వాత వారానికోసారి వచ్చి చూసి వెళ్లేవారు. సహాయం చేయడం కన్నా సహాయాన్ని సరైన సమయంలో వెనక్కి తీసుకోవడం కష్టమని ఆవిణ్ణి చూస్తే అర్థమైంది. పనిచోటే నేర్పే కోచ్‌గా ఆవిడ పక్కన ఉన్నంతకాలం షాపువాళ్లు తమ్ముడితో నేరుగా మాట్లాడలేదు, ఏదున్నా ఆవిడకే చెప్పేవారు. ఆవిడ అరుగు మీదికి వెళ్లిన రోజునుంచే పనమ్మాయి అతణ్ణి పేరు పెట్టి పిలవడం, తిట్టడం, నవ్వించడం మొదలుపెట్టింది. ఒక ఇబ్బంది మాత్రం చాలాకాలం తీరలేదు. తనను పలకరించినవారి పార్సిల్‌లో తమ్ముడు గోంగూర ఒక గరిటె ఎక్కువ వేసేవాడు. ఆంటీ మొదట కోప్పడ్డారు. తర్వాత ఆ అదనపు గరిటె కోసమే పలకరించేవాళ్లు పెరిగారని తెలిసి, గోంగూర గిన్నెకు చిన్న గరిటె మార్చి ఊరుకున్నారు.

జీతం మాట వచ్చేసరికి అందరి గొంతూ మారింది. "టీ ఖర్చులకు ఏదో ఇస్తాలెండి" అన్నారు ఆంటీ. మా నాన్నగారికి కూడా అందులో తప్పు కనిపించలేదు. వాడికి కాలక్షేపం అవుతోంది, అదే పదివేలు అన్నారు. ఆంటీ చెడ్డమనిషి కాదు. మన చట్టమే చాలాకాలం అలా ఆలోచించింది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 26వ సెక్షను, వికలాంగులైన ఉద్యోగులకు ఆ చట్టం వర్తించకుండా ప్రభుత్వం ఆదేశించవచ్చని చెప్పింది. వారి పని విలువ తక్కువే అయి ఉంటుందనే ఊహ అక్షరాల్లోకి ఎక్కిందన్నమాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని, తగిన సర్దుబాట్లు చేయకపోవడం కూడా వివక్షేనని చెప్పింది. టీచరు గారు చట్టం ఎత్తలేదు. పనమ్మాయికి గంటకు ఎంత పడుతుందో లెక్కగట్టి, తమ్ముడు కట్టే పార్సిళ్లను నాలుగు రోజులు లెక్కపెట్టి ఆంటీ ముందు పెట్టారు. వేగం తక్కువే, పొరపాట్లు మాత్రం అందరికన్నా తక్కువ. అతడు పనిచేసే గంటలకు, పనమ్మాయికి పడే గంట లెక్కనే ఖాయమైంది. మొదటి నెల జీతంలో సగం పెట్టి నాన్నగారికి చెప్పులు కొన్నాడు. నాన్నగారు కాలక్షేపం అనే మాట మళ్లీ ఎత్తలేదు.

చట్టం ఎత్తితే నిజానికి ఏమొచ్చేదో కూడా సందేహమే. ఆ చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అంతకుముందు 1995 చట్టంలో అది 3 శాతం. గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. మేధో వైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నవారు రిజర్వేషన్ పరిధిలోకి వచ్చింది ఈ చట్టంతోనే. ప్రైవేటు యజమానుల విషయానికొస్తే, తమ సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా చూసేవారికి ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే ఉంది. ముగ్గురు పనిచేసే కర్రీ పాయింట్‌కు ఈ శాతాలేవీ తగలవు. హైదరాబాద్‌లో యూత్‌ఫర్‌జాబ్స్, డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ వంటివి దివ్యాంగ యువతకు శిక్షణ ఇచ్చి కంపెనీల్లో చేరుస్తున్నాయి. మంచి పనే, అయితే ఎక్కువగా నగరానికి వెళ్లగలిగినవారికి అది ఉపయోగపడుతుంది. 2017లో కర్ణాటకలోని హుబ్బళ్లిలో మొదలైన మిట్టి కేఫ్‌ను దివ్యాంగులే నడుపుతారు, 2023లో సుప్రీంకోర్టు ఆవరణలోనే ఒకటి తెరిచారు. దాని గురించి నాకు పంపని బంధువు లేడు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టుదాకా వెళ్లి, ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించిన బొల్లా శ్రీకాంత్ గారి వీడియోలు అంతకన్నా ఎక్కువగా వస్తాయి. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా, మా తమ్ముడు ఎవరికీ స్ఫూర్తి కానక్కర్లేదని గట్టిగా అనిపిస్తుంది. మామూలు షాపులో మామూలు మనుషుల మధ్య ఒకే ఒక్కడుగా పనిచేసే అవకాశం, ఏ వార్తకూ ఎక్కకుండా, ప్రతి వీధిలోనూ ఒకరికి దొరికితే అది నాకు పెద్ద సంగతి.

జీతం మొదలైన నెలలోనే పింఛను భయం పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా కింద 2023లో దాన్ని 4,016 చేశారు. నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానేసినవారు, కాబట్టి ఆ ఆరువేలు మా ఇంట్లో చిన్న మొత్తం కాదు. "పనికి పోతున్నాడుగా, ఇంకా పింఛనెందుకు" అని వీధిలో ఒకరన్నారు. ఆ మాట సచివాలయం దాకా వెళుతుందేమోనని అమ్మ నిద్ర మానుకుంది. 2025లో, వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగి నోటీసులు వచ్చినప్పుడైతే పని మాన్పించేద్దామనే దాకా వెళ్లింది. పింఛనుకు ఆధారం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం, కుటుంబ ఆర్థిక స్థితి. కనీసం 40 శాతం ఉండాలి. మూడు గంటల కూలిపనితో తమ్ముడి క్రోమోజోములు మారవు. పైగా వైకల్యంతో బతకడానికి అదనపు ఖర్చు అవుతుందని 2016 చట్టమే ఒప్పుకుంటుంది: దివ్యాంగులకిచ్చే సాయం, అలాంటి పథకాల్లో ఇతరులకిచ్చే దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 24వ సెక్షను చెబుతుంది. కానీ ఇదంతా కాగితం మీది సంగతి. సంపాదిస్తే సాయం పోతుందనే భయం మన ఊళ్లలో ఎంతమంది దివ్యాంగులను ఇంటి గడప లోపలే ఉంచేస్తోందో, ఆ భయాన్ని పోగొట్టేలా ఒక్క స్పష్టమైన వాక్యం పింఛను కాగితం మీద ముద్రిస్తే ఎంత మేలో, ఆలోచించేవారు కనిపించరు. పనిచేయగలిగినంత పనిచేయనిచ్చి, దాన్ని అసమర్థతకు వ్యతిరేక సాక్ష్యంగా వాడబోమని హామీ ఇవ్వడం, ఏ శిక్షణా కేంద్రం కట్టడం కన్నా చవక.

జీతం బ్యాంకులో వేయాలంటే ఖాతా కావాలి కదా. ఒక బ్యాంకు శాఖలో కౌంటర్ అధికారి తమ్ముడి ముఖం చూసి అమ్మతో "గార్డియన్ సర్టిఫికెట్ తెండి" అన్నారు. అతడు సంతకం చేయగలడు, డబ్బు తనదని అతడికి తెలుసు, అవేవీ అడగలేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దవారికి సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ; ఆ కమిటీలో ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి కూడా ఉంటారు. కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేకుండా ఆ కమిటీ సర్టిఫికెట్‌ను బ్యాంకులు ఆమోదించవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లో చెప్పింది. సౌకర్యం కోసం చెప్పిన మాట కౌంటర్ దగ్గరికొచ్చేసరికి అడ్డుకట్ట అయింది. 2016 చట్టం 13వ సెక్షను అందరితో సమానంగా దివ్యాంగులకూ తమ ఆర్థిక వ్యవహారాలు తామే చూసుకునే హక్కు ఉందని చెబుతుంటే, 14వ సెక్షను పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతుంది. ఒక నిర్దిష్ట విషయానికి, నిర్దిష్ట కాలానికి, ఆ వ్యక్తి ఇష్టాన్ని అనుసరించి, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయమే అది. పాత చట్టంలోని సంరక్షకుడు మనిషి బదులు నిర్ణయిస్తాడు, కొత్త చట్టంలోనివాడు మనిషితో కలిసి నిర్ణయిస్తాడు. తేడా చాలా పెద్దది, రెండు చట్టాలూ పక్కపక్కనే అమల్లో ఉన్నాయి. మేము మరో బ్యాంకులో అమ్మతో కలిపి జాయింటు ఖాతా తెరిచాం. అతడి సంతకం లేకుండా పాసుబుక్కులోంచి రూపాయి తీయకూడదని అమ్మ తనకు తానే ఒక నియమం పెట్టుకుంది.

వైకల్యం అనే ఒక్క మాట కింద ఎంత భిన్నమైన అవసరాలు ఉంటాయో మా పక్క వీధి టైలరింగ్ షాపు ఆవిడ గుర్తుచేస్తూ ఉంటారు. చిన్నప్పుడు పోలియో వచ్చింది, మూడు చక్రాల స్కూటీ మీద తిరుగుతారు. తమ్ముడి కథ విని, "నాకు కోచ్ వద్దు, గ్లాసూ వద్దు, ఆ ఏటీఎం ముందు మూడు మెట్లు తీసేయించండి చాలు" అన్నారు. ఆవిడ మాటకు సుప్రీంకోర్టు వత్తాసు ఉంది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నియమాలుగా మార్చాలని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. ఏటీఎం మెట్లు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇక అమ్మానాన్నల అసలు ప్రశ్న: మా తర్వాత ఎవరు? ఈ ప్రశ్నకు బంధువులిచ్చే జవాబులు రెండే, ఏదైనా మంచి హోమ్‌లో చేర్చడం లేదా అక్క దగ్గరికి, అంటే నా దగ్గరికి, హైదరాబాద్ పంపడం. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం, దివ్యాంగులు ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం ఇతరులతో సమానంగా వారికి ఉండాలంటుంది. మన 2016 చట్టం 5వ సెక్షను సమాజంలో జీవించే హక్కు ఉందని చెబుతూనే, ఇంట్లో అందే సహాయం, వ్యక్తిగత సహాయకుడు వంటివి సమకూర్చడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని మెత్తగా ముగించింది. నేషనల్ ట్రస్ట్‌కు ఘరౌందా అనే గ్రూప్ హోమ్ పథకం ఉంది, నిరామయ అనే లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. బీమాలో తమ్ముణ్ణి చేర్పించాం. హోమ్ సంగతి ఆలోచించాం, వద్దనుకున్నాం. హైదరాబాద్‌లో నా ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టులో పలకరించుకోని జనం, నేను పొద్దున వెళితే రాత్రికి వస్తాను. అక్కడ అతడికి నేను తప్ప ఎవరూ ఉండరు. తెనాలిలో అతడికి ఒక వీధి ఉంది.

ఆ వీధిని నమ్ముకోవడం సెంటిమెంటు మీద ఆధారపడి తీసుకున్న నిర్ణయం కాదు, ఆ మాట చెప్పాలి. మన వీధులు ఎంత ప్రేమగా ఉంటాయో అంత క్రూరంగానూ ఉంటాయి. తమ్ముణ్ణి వెక్కిరించే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని టీచరు గారు అమ్మతో కూర్చుని, అతడికి రోజులో, వారంలో, ఏడాదిలో ఏయే సహాయం నిజంగా అవసరమో విడివిడిగా రాయించారు. రాసి చూస్తే అన్నీ ఒకే మనిషి చేయాల్సినవి కావని తెలిసింది. థైరాయిడ్ మాత్ర పొద్దున వేసుకున్నాడో లేదో చూడాలి, గడ్డం నున్నగా గీయాలి, గ్యాసు కట్టేయాలి, కొత్త చోటికి వెళ్లాలంటే తోడు కావాలి, కాగితాలు వస్తే చదివి చెప్పాలి. మిగతావన్నీ అతడు చేసుకుంటాడు. మాత్ర సంగతి నేను రోజూ వీడియో కాల్‌లో చూస్తాను. గడ్డానికి వారానికి రెండుసార్లు మంగలి షాపుకు వెళతాడు, డబ్బు తనదే. గ్యాసు బదులు ఇండక్షన్ పొయ్యి కొన్నాం. కాగితాలు మందుల షాపు ఆయన చదివిపెడతానన్నారు. కూర్చోబెట్టే ఉద్యోగం ఇవ్వబోయిన ఆయన సహృదయానికి ఇది సరైన చోటు. పరిమిత సంరక్షకత్వం కోసం, డబ్బు, వైద్యం అనే రెండు విషయాలకే నా పేరుతో దరఖాస్తు రాసుకుంటున్నాం. తమ్ముణ్ణి అడిగి, ఎందుకో చిన్న మాటల్లో చెప్పి, ఒప్పుకున్నాకే రాస్తున్నాం. వైద్యానికి వెంటనే ఒప్పుకున్నాడు. డబ్బుకు రెండు వారాలు ఆలోచించాడు.

అమ్మకు నిశ్చింత కలిగిందని చెప్పలేను. కర్రీ పాయింట్ ఆంటీకి మోకాళ్ల నొప్పులు, ఇంకెన్నాళ్లు నడుపుతారో తెలియదు. అందుకే టీచరు గారు విడగొట్టి రాసిన కాగితాలన్నీ, గ్లాసులు, గరిటెలు, రబ్బరు రంగులతో సహా, ఒక ఫైలులో పెట్టించారు. రేపు మరో షాపుకు వెళ్లాల్సి వస్తే అక్కడివాళ్లకు ముందుగా అదే చూపిస్తాం.

పోయిన నెలలో ఆంటీ రాత్రి పూట చపాతీలు, కుర్మా కూడా మొదలుపెట్టి, తమ్ముణ్ణి సాయంత్రం కూడా రమ్మన్నారు. జీతం పెరుగుతుంది కదా అని నాన్నగారు సంతోషించారు, అమ్మ ఆలోచనలో పడింది, నేను ఫోన్‌లో లాభనష్టాలు ఏకరువు పెట్టాను. మా చర్చ సాగుతుండగానే తమ్ముడు షాపుకు వెళ్లి, సాయంత్రం తనకు కాలవగట్టు మీద క్రికెట్ ఉంటుందని, అంపైరింగ్ తనదేనని, రాలేనని ఆంటీకి చెప్పి వచ్చాడు. ఆవిడ వేరే మనిషిని చూసుకున్నారు.